ఆదివారం టిక్కు

ఆసుపత్రిలో ఆయన అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఎర్తు మాస్టారే. పిల్లలకు పాఠాలు చెప్పే మాస్టారు కాదు. గుండె కొట్టుకోవడాన్ని గీతలు గీసి చూపించే మానిటర్లు, గంటకు ఇంత అని లెక్కగా మందు ఎక్కించే పంపులు మొరాయిస్తే బాగుచెయ్యడం ఆయన పని. అయితే మెషీను బాగుచేసి ఊరుకుంటే ఎర్తు మాస్టారు ఎందుకవుతాడు? మెషీనుతో పాటు దాన్ని వాడే మనిషిని కూడా బాగుచేసి పంపాలని ఆయన పంతం. పంపు తీసుకెళ్దామని వచ్చిన నర్సు పావుగంట ఉపన్యాసం వినకుండా ఆ గది గడప దాటింది లేదు.

“మన ఒంట్లో కరెంటు పుడుతుందమ్మా. నడిస్తే పుడుతుంది, కుర్చీలోంచి లేస్తే పుడుతుంది, నైలాను దుప్పటి దులిపితే పుడుతుంది. చలికాలంలో తలుపు గొళ్ళెం పట్టుకుంటే చురుక్కుమంటుంది చూశావా, అదే. ఆ చురుకు నీ వేలికి తెలియాలంటే మూడు వేల వోల్టులు కావాలి. ఈ పచ్చ పలక మీదున్న చిప్పు చావడానికి వంద చాలు. అంటే ఏమిటి? నువ్వు దాన్ని చంపుతావు, చంపినట్టు నీకే తెలియదు.”

ఇక్కడ ఆగి అవతలి మనిషి ముఖంలోకి చూసేవాడు. భయపడితే వదిలేసేవాడు. భయపడకపోతే ఇంకో పావుగంట.

“చస్తే ఫరవాలేదు, తీసి పారేస్తాం. సగం చచ్చి బతికిందనుకో, అప్పుడుంటుంది తమాషా. ఇక్కడ పరీక్ష పెడితే బుద్ధిగా పనిచేస్తుంది. నెల తరవాత రోగి మంచం పక్కన చేతులెత్తేస్తుంది.”

అందుకని మాస్టారు బల్ల దగ్గర కూర్చున్నాడంటే ఎడమ మణికట్టుకు పట్టీ ఉండాల్సిందే. బట్టతో చేసిన పట్టీ, లోపల చర్మానికి తగిలే లోహపు బిళ్ళ, దాన్నుంచి మెలికలు తిరిగిన తీగ, ఆ తీగ కొస గోడలోని ఎర్తుకు. ఒంట్లో పుట్టిన కరెంటు పుట్టినట్టే నేలలోకి దిగిపోతుంది. పట్టీ సరిగ్గా ఉందో లేదో చూడడానికి గోడకు అరచెయ్యంత పెట్టె ఒకటి. పట్టీ వేసుకుని దాని మీట నొక్కితే పచ్చ దీపం వెలగాలి. ఎర్ర దీపం వెలిగితే ఆ రోజు ఏ మెషీను మూతా విప్పకూడదు. పక్కనే మేకుకు వేలాడే పుస్తకం. రోజూ పొద్దున్నే మీట నొక్కి, తేదీకి ఎదురుగా టిక్కు పెట్టాలి. ఆ పెట్టె, ఆ పుస్తకం, ఆ పద్ధతి, అన్నీ ఆయన పైవాళ్ళతో పోట్లాడి సాధించుకున్నవే.

ఈ పిచ్చి ఆయనకు ఊరికే పట్టలేదు. మేనమామ రేడియో రిపేరు కొట్లో పని నేర్చుకుని, ఇరవై ఆరో ఏట ఆసుపత్రిలో చేరాడు. చేరిన రెండో ఏడు గుండె జబ్బుల వార్డులో మానిటర్ల మీద గీతలు రోజూ పదింటికి వణికేవి. డాక్టర్లు మెషీన్లను తిట్టారు. కంపెనీ మనిషి వచ్చి తీగలన్నీ మార్చి వెళ్ళాడు, వణుకు మాత్రం తగ్గలేదు. ఈయన మూడు రోజులు గోడ వారన స్టూలు వేసుకుని కూర్చుని, చివరికి దొంగను పట్టుకున్నాడు. గోడకు అవతల వరండాలో నేలకు పాలిషు పట్టే యంత్రం! దాని మోటారు లోపల రవ్వలు లేచినప్పుడల్లా ఇవతల గీతలు వణికేవి. అప్పటి పెద్ద డాక్టరు నలుగురి ముందూ భుజం తట్టాడు. ఆ తట్టుడు ఈయన ముప్పై ఏళ్ళపాటు భుజం మీద మోసుకు తిరిగాడు. అప్పట్నుంచీ ఏ మెషీను మొరాయించినా ఆయన కళ్ళు ముందు మెషీను లోపలికి వెళ్ళేవి కావు, చుట్టూ ఉన్న మనుషుల మీదికి వెళ్ళేవి. ఎవరి జేబులో ఫోనుంది, ఎవరు ఉన్ని స్వెట్టరు వేసుకొచ్చారు, ఎవరు ఏ ప్లగ్గులో ఏం గుచ్చారు, ఇదే వెతుకులాట. ఐసీయూలో పంపుకు మీటరు దూరంలోకి ఫోను తేకూడదని ఎర్ర అక్షరాలతో కాగితం అంటించింది కూడా ఆయనే.

చలి బాగా ముదిరిన రోజుల్లో జరిగింది ఇది. ఐసీయూలో ఒక పెద్దాయన, బస్సు డ్రైవరుగా చేసి మానేసిన మనిషి, ఒంటి మీద తెలివి లేకుండా పడి ఉన్నాడు. రక్తపోటు పడిపోకుండా నిలబెట్టే మందు పంపుతో ఎక్కుతోంది. పగలు పదకొండూ ఇరవైకి ఆ పంపు తెర నల్లబడింది. మందు ఆగిపోయింది. మానిటరు మీద రక్తపోటు అంకె జారడం మొదలుపెట్టింది.

ఆ మంచం చూసుకుంటున్న నర్సు ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. అందరూ చిన్న సిస్టరు అనేవారు. ఆ అమ్మాయి గొంతెత్తి డాక్టర్ని పిలుస్తూనే పక్క మంచం దగ్గర ఖాళీగా ఉన్న పంపు లాక్కొచ్చి, సిరంజి అందులోకి మార్చి, రెండు నిమిషాలు తిరక్కుండా మందు మళ్ళీ మొదలుపెట్టింది. డ్రైవరు బతికాడు. అయితే ఆ హడావిడిలో ఆమె కోటు జేబులోంచి ఫోను జారి కింద పడింది. మాస్టారు వచ్చేసరికి అది ఇంకా నేల మీదే ఉంది. తీసి చూస్తే పదకొండూ పంతొమ్మిదికి వాళ్ళమ్మ చేసిన కాలు, ఎత్తనిది.

ఇంకేం కావాలి? మాస్టారు ఆ పంపును తన గదికి తెచ్చి, మూత విప్పి, పైపైన చూసి బిగించేశాడు. ఎప్పుడెప్పుడు ఏ తప్పు వచ్చిందో పంపు తనలో రాసి పెట్టుకుంటుంది. అది చదవాలంటే కంప్యూటరుకు తగిలించుకుని అరగంట కూర్చోవాలి. ఆయన కూర్చోలేదు. ఆ మధ్యాహ్నమే నివేదిక రాసిచ్చేశాడు: నర్సు నిబంధన మీరి పంపు పక్కన ఫోను ఉంచుకున్నందున, ఫోను తరంగాల వల్ల పంపు ఆగిపోయినది. రాసేటప్పుడు అక్షరాలు మామూలుకన్నా గుండ్రంగా పడ్డాయి.

చిన్న సిస్టరుకు తాఖీదు అందింది. ఐసీయూ నుంచి తీసి టీకాల గదిలో వేశారు. ఏడాది నిండగానే ఆమె ఉద్యోగం ఖాయం చెయ్యాలా, ఇంటికి పంపెయ్యాలా అని ఒక కమిటీ కూర్చుంటుంది. ఆ కమిటీ ముందుకు వెళ్ళే కాగితాల్లో మాస్టారి నివేదిక అన్నిటికన్నా పైన ఉంటుంది.

ఇంత జరిగినా ఆ అమ్మాయి మాస్టారు వరండాలో ఎదురైతే చేతులు జోడించేది.

“మీరు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు మాస్టారూ. నా మూలంగా ఒక మనిషి ప్రాణం పోయేది. ఇప్పుడు ఫోను కింద లాకర్లోనే పెట్టేసి వస్తున్నా.”

“మంచిది తల్లీ, మంచిది,” అని మాస్టారు పెద్దరికంగా తలాడించేవాడు. ఆ తలాడించడం తరవాత గుర్తొచ్చినప్పుడల్లా ఆయనకు తన మెడ తనే విరుచుకోవాలనిపించేది.

నెలన్నర గడిచింది. ఒక పొద్దున్న మాస్టారు బల్ల ముందు కూర్చుని టీ తాగుతున్నాడు. ఎదురుగా అరలో, తాను బాగుచేసిన పంపు ఒకటి పరీక్ష కోసం ఉత్త నీళ్ళతో నడుస్తోంది. గదిలో రెండో మనిషి లేడు. ఆయన ఫోను ఆయన పెట్టిన నిబంధన ప్రకారమే బయట వరండాలో గోడ పెట్టెలో ఉంది. చూస్తుండగానే పంపు తెర నల్లబడింది.

గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. లేచి గది నాలుగు మూలలూ చూశాడు. దొంగను వెతికే అలవాటు కదా! ఎవరున్నారక్కడ? పంపును కంప్యూటరుకు తగిలించి, ఈసారి అరగంటా కూర్చున్నాడు. తరవాత డ్రైవరు మంచం దగ్గర ఆగిన పంపు అలమారలోంచి తీసి దాన్నీ చదివాడు. అది ఆ రోజుకు ముందే రెండుసార్లు తనంతట తాను ఆగి మళ్ళీ మొదలైంది. ఒకసారి, తేదీని బట్టి చూస్తే, ఛార్జింగుకు పెట్టి తాళం వేసిన సామాన్ల గదిలో, ఏ నర్సూ ఏ ఫోనూ లేని చోట. రెండు పంపుల్లోనూ తప్పు ఒకే చోట చూపిస్తోంది, ఈ చలికాలంలో తాను తన చేతులతో మార్చిన పలక మీద.

మాస్టారు తలతిప్పి బల్ల అంచున వేలాడుతున్న పట్టీ వైపు చూశాడు. వెంటనే తీసుకోబుద్ధి కాలేదు. చివరికి మణికట్టుకు వేసుకుని పెట్టె మీట నొక్కాడు. ఎర్ర దీపం. తీగ కాస్త కదిపితే పచ్చ. వదిలేస్తే మళ్ళీ ఎర్ర. బ్లేడు పెట్టి పట్టీ దగ్గర తీగ పై తొడుగు చీల్చాడు. పైన నిగనిగలాడుతున్న తీగ లోపల ఎన్నాళ్ళ కిందటో తెగి నల్లబడి ఉంది. ఆయన ఇన్నాళ్ళూ చేతికి కట్టుకున్నది ఉత్త గుడ్డపేలిక.

పుస్తకం తీశాడు. రోజూ టిక్కుంది. మొదట్లో నిజంగానే రోజూ నొక్కేవాడు. తరవాత సోమవారం కూర్చుని వారానికి సరిపడా టిక్కులు పెట్టేసేవాడు. ఆ తరవాత ఒకటో తారీకున నెలకు సరిపడా. మీట నొక్కి ఎంతకాలమైందో ఎంత తన్నుకున్నా గుర్తురాలేదు. ఊరందరికీ చెప్పేవాడు తను నొక్కడమెందుకు? చేతికి పట్టీ ఉందిగా! పట్టీ ఉంది కదా అనే ధీమాతోనే, మిగతావాళ్ళు వేసుకొస్తే గడప తొక్కనివ్వని ఉన్ని స్వెట్టరు తను వేసుకుని ఈ బల్ల ముందు కూర్చున్నాడు. పేజీ నిండా ఒకే సిరా, ఒకే వాలు. ఆదివారాలకు కూడా టిక్కులున్నాయి. ఆదివారం ఈ గదికి తాళం, ఈయన ఇంట్లో దుప్పటి ముసుగు. ఎవరైనా ఒక్కసారి తిరగేసి చూస్తే పట్టుబడిపోయేవాడు. కానీ ఎర్తు మాస్టారి పుస్తకం తిరగేసే ధైర్యం ఆ ఆసుపత్రిలో ఎవరికుంది?

చెవులు వేడెక్కాయి. గదిలో ఒక్కడే ఉన్నా తల ఎత్తలేకపోయాడు. సిగ్గేసింది. చిన్నప్పుడు మేనమామ చేతిలో చెంపదెబ్బ తిన్నప్పుడు కూడా ఇంత సిగ్గు వెయ్యలేదు.

ఈ రెండూ కాక, ఆ చలికాలంలో తన చేతిమీదుగా పదకొండు పంపులు వార్డులకు వెళ్ళాయి. మధ్యాహ్నానికల్లా పదకొండూ వెనక్కి తెప్పించి, తలుపు వేసి తాళం పెట్టాడు. ఎందుకని నర్సులు అడిగితే “మామూలు తనిఖీ” అన్నాడు. ఆ మాట నోట్లోంచి ఎంత నున్నగా వచ్చిందో చూసి తనకే అసహ్యం వేసింది.

ఇంటికి వెళ్ళి భోజనానికి కూర్చుని అన్నం కెలుకుతున్నాడు. భార్య ఇంట్లోనే బట్టలు కుట్టే మనిషి. నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడినా మాట సూటిగా వస్తుంది.

“ఏమయిందండీ? పళ్ళెంలో ఏం వెతుకుతున్నారు?”

చెప్పాడు. పట్టీ, పుస్తకం, పంపులు, అన్నీ చెప్పాడు. ఆవిడ సూదులు తీసి డబ్బాలో వేసింది.

“పంపులు తెప్పించేశారు, బాగానే ఉంది. మరి ఆ అమ్మాయి సంగతి?”

“ఇంకో రెండేళ్ళలో రిటైరవుతున్నానే. ముప్పై ఏళ్ళు తలెత్తుకు తిరిగిన చోట...”

“నేనడిగింది మీ తల సంగతి కాదండీ.”

మాస్టారు పళ్ళెంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. ఆవిడ కుట్టుమిషను దగ్గరికి వెళ్ళి కూర్చుంది, కానీ చాలాసేపు మిషను చప్పుడు వినిపించలేదు.

మర్నాడు పొద్దున్నే పెద్ద డాక్టరు గదికి వెళ్ళి, చేతులు కట్టుకుని, అంతా చెప్పాడు. ఈ పెద్ద డాక్టరు వయసులో ఈయనకన్నా చిన్నవాడు, మెత్తటి మనిషి. విని, కుర్చీలో వెనక్కి వాలాడు.

“మాస్టారూ, ఇంత రాద్ధాంతం ఎందుకు? పంపులో భాగం పాతబడి పాడైందని రాసివ్వండి. ఆ అమ్మాయి తాఖీదు నేను రద్దు చేసేస్తాను. మీ పేరు రాదు, ఆమె మీద మచ్చా పోతుంది. అందరికీ హాయి.”

ఎంత చక్కటి దారి! మాస్టారు కాగితం తీసుకుని ‘పంపులోని భాగము పాతబడి’ దాకా రాసేశాడు కూడా. అక్కడ చెయ్యి ఆగింది. ఇదీ టిక్కు లాంటిదే కదా అనిపించింది. కొట్టేశాడు. కింద వంకర టింకర అక్షరాలతో ఉన్నదున్నట్టు రాశాడు. నా పట్టీ తీగ తెగిపోయినది. నేను పరీక్షించకుండా పరీక్షించినట్టు గుర్తు పెట్టాను. పంపు తనలో రాసుకున్నది చదవకుండా నివేదిక ఇచ్చాను. నర్సు తప్పు ఏమీ లేదు, ఆమె వల్లే రోగి బతికాడు.

పెద్ద డాక్టరు చదివి, కళ్ళజోడు తీసి, “మీ ఇష్టం మాస్టారూ,” అన్నాడు. “విచారణ అయ్యేదాకా మీరు ఏ మెషీనూ ముట్టుకోకూడదు. నేను రాయక తప్పదు.”

“రాయండి,” అన్నాడు మాస్టారు.

టీకాల గదిలో చిన్న సిస్టరు సీసాల మీద తేదీలు అతికిస్తోంది. ఈయన్ని చూడగానే లేచి చేతులు జోడించింది. జోడించిన ఆ చేతుల్ని చూస్తూ చెప్పాల్సి రావడమే అన్నిటికన్నా కష్టమైంది.  అంతా విన్నాక ఆమె అడిగింది.

“ఫోను వల్ల కాదా?”

“కాదమ్మా.”

“అస్సలు కాదా?”

“అస్సలు కాదు.”

ఆమె కూర్చుంది. సీసా ఒకటి తీసుకుని, తేదీ అతికించి, పక్కన పెట్టింది.

“మొన్న మా అమ్మ వంటింట్లో జారి పడింది మాస్టారూ. నాకు పద్నాలుగు సార్లు ఫోను చేసింది. ఫోను లాకర్లో ఉంది. నేను వెళ్ళేదాకా నేల మీదే పడుంది.” గొంతు పెంచలేదు. “డ్రైవరుగారు ఇంటికి వెళ్ళిపోయాక వాళ్ళింటికి వెళ్ళాను. నా ఫోను వల్లే అని వాళ్ళావిడ కాళ్ళు పట్టుకున్నాను. ఆవిడ తలుపు వేసేసింది. రోజూ ఆ తలుపే గుర్తొస్తుంది నాకు.”

మాస్టారికి రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“కాగితం మీద రాశానమ్మా, నీ తప్పు లేదని...”

“రాశారు. ఆవిడకెవరు చూపిస్తారు ఆ కాగితం? మీరు వచ్చి చెప్పండి.”

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే ఇద్దరూ బస్సెక్కారు. ఆమె ముందు సీట్లో, ఈయన వెనక సీట్లో. దిగాక సందులో ఆమె ముందు నడిచింది, ఈయన నాలుగడుగులు వెనక. రెండో అంతస్తులో, మెట్ల పక్కనే ఆ ఇల్లు. తలుపు తట్టింది ఆ అమ్మాయే. డ్రైవరు భార్య తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ తలుపు తీసింది. చూడగానే ముఖం గంటు పెట్టుకుంది.

“మళ్ళీ ఎందుకొచ్చావు నువ్వు?”

“తప్పు ఈ అమ్మాయిది కాదమ్మా,” అన్నాడు మాస్టారు వెనకనుంచి. “నాది.”

మెట్ల మీద నిలబడే చెప్పాడు. ఉపన్యాసం లేకుండా ఆయన మాట్లాడడం అదే మొదటిసారి. మాట మాటకీ తడబడ్డాడు. ఆవిడకు చిప్పులూ వోల్టులూ ఏం బోధపడతాయి? కానీ అడగాల్సినవి అడిగింది.

“మీరు పాడుచేసినవి ఇంకా ఉన్నాయా అక్కడ?”

“పదకొండూ తీసేశామమ్మా. ఒక్కటి కూడా లేదు.”

“ఈ పిల్ల ఏం చేసింది మరి?”

“రెండు నిమిషాల్లో వేరే పంపు పెట్టింది. మీ ఆయన బతికింది ఈమె వల్లే.”

ఆవిడ చిన్న సిస్టరు వైపు చూసి, మళ్ళీ ఈయన వైపు తిరిగింది.

“మరి ఈ పిల్ల మీదికెందుకు తోశారు?”

తెలియక, అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. తొందరలో, అనే మాట కూడా వచ్చింది. రెండూ సగం నిజాలే, ఎవరూ కాదనరు. మాస్టారు ఆ రెండూ చెప్పలేదు.

“కింద ఫోను కనిపించిందమ్మా. ముప్పై ఏళ్ళుగా నేను చెబుతున్న మాట నిజమైందని... సంతోషం వేసింది.”

“మా ఆయన అక్కడ చావుబతుకుల్లో ఉంటే, మీకు సంతోషం వేసిందా?”

“వేసిందమ్మా.”

ఈ మాట చిన్న సిస్టరు కూడా అప్పుడే విన్నది. పొద్దుట టీకాల గదిలో ఆయన చెప్పిన వాటిలో ఇది లేదు. ఆమె తల తిప్పి ఆయన్ని చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. ఎవరో ముక్కూ ముఖం తెలియని మనిషిని చూసినట్టు చూసింది.

డ్రైవరు భార్య గుమ్మంలోంచి పక్కకు జరిగి, ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది.

“నువ్వు లోపలికి రా తల్లీ.”

ఆమె లోపలికి వెళ్ళింది. తలుపు ఓరగా ఉండిపోయింది. ఎవరూ వెయ్యలేదు, ఎవరూ తియ్యలేదు. లోపల మంచం కిర్రుమంది. ఒక ముసలి గొంతు నీరసంగా అడిగింది.

“ఎవరే వచ్చింది?”

“మిమ్మల్ని బతికించిన పిల్ల.”

“గుమ్మంలో ఇంకెవరో ఉన్నట్టున్నారు. లోపలికి రమ్మనవే, ఎవరో.”

లోపల గ్లాసులో నీళ్ళు పోస్తున్న చప్పుడు.

“వద్దులెండి,” అంది ఆవిడ. “అక్కడే ఉండనివ్వండి.”

మాస్టారు అక్కడే ఉన్నాడు.